పన్నెండో కత్తెర

మా సెంటర్లో నాకు వెనకాల ఒక పేరుంది. నా ముందు ఎవరూ అనరు గాని, మెట్ల దగ్గర టీ తాగుతూ అనుకుంటుంటే రెండుసార్లు నా చెవిన పడింది. ‘రూల్స్ మేడం’. విన్నప్పుడు కోపం రాలేదు సరికదా, నిజం చెప్పాలంటే లోలోపల కొంచెం గర్వపడ్డాను. రూల్స్ రాసింది నేనే మరి. ఆ గర్వం సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నారాయణగూడ చౌరస్తా వెనక సందులో, రెండో అంతస్తులో మా సెంటరు. మానసిక జబ్బుతో ఆసుపత్రిలో ఉండి, తగ్గి, ఇంకా పనిలోకి వెళ్లే ధైర్యం చిక్కనివాళ్లు పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం నాలుగింటికి ఇళ్లకు వెళ్తారు. నేను అక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్టును. మా బంధువుల్లో ఒక్కరికీ ఈ మాట ఇంతవరకు నోరు తిరగలేదు. మా పెద్దమ్మ అయితే ప్రతి పెళ్లిలోనూ పట్టుకుని, నువ్వు డాక్టరువా, నర్సువా, కుట్టు టీచరువా అని అడుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా చివరికి కుట్టు టీచరు దగ్గరే ఆగుతుంది. నా పని చెప్పడానికి అంత కష్టమైనదేం కాదు. మనిషి చేతికి ఒక పని ఇచ్చి, ఆ పనిని పట్టుకునే అతను మళ్లీ రోజువారీ బతుకులోకి నడిచేలా చూడడం. సంచులు కుట్టిస్తాం, వంట చేయిస్తాం, బస్సెక్కిస్తాం, సుల్తాన్ బజారుకు తీసుకెళ్లి దారాలూ గుండీలూ వాళ్లచేతే బేరమాడించి కొనిపిస్తాం.

పనికి పనిముట్లు కావాలి. పనిముట్లకు పదును ఉంటుంది. అందుకే రూల్స్.

చేరిన కొత్తలో మా సీనియర్ ఒకావిడ నన్ను గుమ్మంలోనే ఆపి చున్నీ తీయించింది. మెడ చుట్టూ వేలాడేది ఏదీ ఉండకూడదంది. ఐడీ కార్డు తాడు కూడా లాగితే దానంతట అదే ఊడి వచ్చేదై ఉండాలి. ఎవరి వెనకనుంచీ వెళ్లి భుజం మీద చెయ్యి వేయకూడదు. గదిలో ఒక్కదాన్నే ఉండకూడదు, నా కుర్చీ ఎప్పుడూ తలుపు పక్కనే ఉండాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లు ప్రమాదకరమైన మనుషులని కాదు ఇదంతా. పొద్దున్నే చిక్కడపల్లి మెయిన్ రోడ్డు దాటడంలో ఉన్నంత ప్రమాదం నాకు ఆ గదిలో లేదు. మా దగ్గర ఎవరికైనా హాని జరిగే భయం ఉందంటే, అది ఎక్కువగా వాళ్ల చేతుల్లో వాళ్లకే. పదునైన వస్తువు ఒకటి ఎవరి సంచిలోనైనా ఇంటికి వెళ్లిపోతే, దిగులు ముంచుకొచ్చిన పూట అది ఏ పని చేస్తుందో మాకు తెలుసు.

ఆ సీనియర్ వెళ్లిపోయాక సెక్షన్ బాధ్యత నాకు వచ్చింది. నేను ఇంకో పది రూల్స్ కలిపాను. గోడకు ఒక చెక్క పలక కొట్టించి, దాని మీద ప్రతి పనిముట్టు ఆకారం ఎర్ర రంగుతో గీయించాను. పన్నెండు కత్తెరలు, రెండు సుత్తులు, ఒక తాపీ. సాయంత్రం మూడున్నరకు అన్నీ వాటి వాటి బొమ్మల మీదికి రావాలి. ఒక్క బొమ్మ ఖాళీగా కనిపించినా తలుపు గడియ పెట్టి ఒకరు అడ్డం నిలబడాలి, అందరి జేబులూ సంచులూ చూడాలి, వస్తువు దొరికేదాకా ఎవరూ బయటికి పోకూడదు. సిబ్బంది ఒంటి మీద పనిముట్టు ఉంచుకోకూడదని కూడా నేనే రాసి, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి అంటించాను. కొత్తగా చేరినవాళ్లకు ఇవన్నీ నేర్పేది నేనే. ఒకమ్మాయి రబ్బరు బ్యాండుకు బదులు పొడుగాటి క్లిప్పు పెట్టుకొచ్చిందని పావుగంట క్లాసు పీకాను. పాపం, ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ ఏడాది మా దగ్గరికి ఒక మేస్త్రి వచ్చేవాడు. మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి భార్యనూ నాలుగేళ్ల కూతుర్నీ తీసుకుని పట్నం వచ్చి, నల్లకుంట వెనక బస్తీలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఎవరెవరో తనను పిలుస్తున్నట్టు చెవుల్లో వినబడేది. పరంజా మీద నిలబడి వాళ్లకు జవాబు చెప్తుంటే కాంట్రాక్టర్ చూసి, భయపడి, డాక్టరు కాగితం తెస్తేనే మళ్లీ పనిలో పెట్టుకుంటానన్నాడు. మందులతో ఆ పిలుపులు ఆగిపోయాయి. ఇక కావాల్సింది ఆ కాగితమే. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల కోసం ఒక హాస్టల్ లేస్తోంది. దాని గోడల పని అతని కోసం ఆగి ఉంది. ఇంట్లో భార్య నాలుగిళ్లలో పాచిపని చేసి నెట్టుకొస్తోంది.

మొదటిరోజు నేను అతనికి గుడ్డ సంచీ, సూదీ ఇస్తే నావైపు చూసి నవ్వాడు. ఆ నవ్వులో, నీకేమన్నా తెలుసా తల్లీ అన్న మాట ఉంది. మర్నాడు వెనక వరండాలో పెచ్చులూడిన గోడ చూపించాను. నాలుగు రోజుల్లో దాన్ని అద్దంలా చేసి ఇచ్చాడు. తాపీ పలక మీదికి తిరిగి పెట్టేటప్పుడు కడిగి, తుడిచి, ఎర్ర గీతకు సరిగ్గా ఆనించి పెట్టేవాడు. నా రూల్స్‌ను అంత మర్యాదగా పాటించినవాడు మరొకడు లేడు. పెద్ద డాక్టరుగారు వచ్చే సోమవారం కాగితం ఇద్దామన్నారు.

ఆ ముందటి శుక్రవారం మూడున్నరకు ఒక కత్తెర బొమ్మ ఖాళీగా కనిపించింది.

పదకొండే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను, పదకొండే. గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. మా సెంటర్ నర్సు సిస్టర్‌ను జేబులు చూడమన్నాను. ఆ రోజు తొమ్మండుగురు ఉన్నారు. ఒక్కొక్కరే లేచి జేబులు బయటికి తీసి చూపిస్తున్నారు. అవమానమే, నాకు తెలుసు. అయినా రూల్ రూలే అనుకున్నాను.

మేస్త్రి మూలన నిలబడి ఉన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. కళ్లు నన్ను కాదు, నా భుజం పక్కన ఉన్న గడియను చూస్తున్నాయి. “జర తలుపు తియ్యున్రి మేడం,” అన్నాడు. “జేబులు సూస్కోన్రి, సంచి సూస్కోన్రి. తలుపు ఒక్కటి తియ్యున్రి.”

రెండే నిమిషాలన్నా, కూర్చో అన్నాను. అతను మళ్లీ అడిగాడు. నేను మళ్లీ అదే అన్నాను. ఊపిరి పొట్టిగా తీస్తున్నాడు, పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఈ గుర్తులు కనిపిస్తే పక్కకు జరిగి దారి ఇవ్వాలని కొత్తవాళ్లకు బోర్డు మీద రాసి మరీ చెప్తాను. అయినా కదల్లేదు. మూడోసారి అతను మాట్లాడలేదు. వచ్చి నా చెయ్యి పట్టి పక్కకు లాగి గడియ తీశాడు. నేను బల్ల అంచు మీద పడ్డాను. కుడి మణికట్టు కలుక్కుమంది. అతను పారిపోలేదు. బయట మెట్ల మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకుని వణుకుతున్నాడు.

జబ్బు మొదలైనప్పుడు ఊళ్లో అతన్ని మూడు రోజులు గదిలో పెట్టి బయట తాళం వేశారు. ఆ సంగతి మొదటివారమే నాకు చెప్పాడు. ఫైల్లో రాసుకున్నది నా చేత్తోనే.

కత్తెర దొరకలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్లింది అతనొక్కడే కాబట్టి, మెట్ల కిటికీలోంచి విసిరేసి ఉంటాడని అందరూ తేల్చేశారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను. ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టించుకుని వచ్చాక, జరిగినదాని మీద సిస్టర్ రాసిన కాగితం కింద ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టాను. అందులో ‘దాడి’ అనే మాట ఉంది. చదివే పెట్టాను. శనివారం పెద్ద డాక్టరుగారు సోమవారం ఇవ్వాల్సిన కాగితం ఆపేశారు. మూడు నెలలు అతని చేతికి ఏ పనిముట్టూ ఇవ్వొద్దన్నారు. హాస్టల్ గోడలు మూడు నెలలు ఆగవని ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఫైలు మూసి లేచి వచ్చేశాం.

ఆదివారం పొద్దున చిక్కడపల్లిలో మా ఇంట్లో, పనిలో వేసుకునే ఏప్రన్ నానబెడదామని ఎడమచేత్తో బకెట్లో పడేశాను. లోపల ఠంగుమంది.

ఆ చప్పుడు ఏమిటో చెయ్యి పెట్టకముందే నాకు తెలిసిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం ఒకామె దారం ముడిపడి ఏడుపు మొహం పెడితే, నేనే కత్తెర తీసుకుని ముడి కోశాను. అంతలో ఫోను మోగింది. కత్తెర ఏప్రన్ లోపలి జేబులోకి వెళ్లింది, అంతే. ఆ సాయంత్రం గదిలో ఉన్న ప్రతి మనిషి జేబూ తిరగేశాం. చూడనివి నావీ సిస్టర్‌వీ మాత్రమే. చూడాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. వాళ్లు రోగులు, మేము సిబ్బంది.

తల కొట్టేసినట్టయింది. బకెట్ పక్కనే పీట మీద కూర్చున్నాను. సోమవారం అందరికన్నా ముందు వెళ్లి, కత్తెరను బీరువా వెనక పడేసి, నేనే వెతికి పట్టినట్టు నటిస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన వచ్చింది. వచ్చి వెంటనే పోయిందని రాస్తే బాగుంటుంది గాని, పోలేదు. టీ పెట్టుకుని, అది చల్లారేదాకా దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాను. అలా చేస్తే అతని మీద దొంగతనం నింద పోతుంది, నా పరువు నిలుస్తుంది. కాని ‘దాడి’ అన్న మాట అక్కడే ఉంటుంది. వెర్రి మనిషి ఊరికే మీద పడ్డాడని ఉంటుంది. అతను రెండుసార్లు మర్యాదగా అడిగిన సంగతి ఎక్కడా ఉండదు. క్లిప్పు పెట్టుకున్నందుకు నేను ఏడిపించిన అమ్మాయి కూడా గుర్తొచ్చింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

సోమవారం కత్తెరను పెద్ద డాక్టరుగారి బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కత్తెరను చేతిలోకి తీసుకుని చూశారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండు అనిపించింది కూడా. “జేబులో పెట్టుకోవద్దని రాసింది నువ్వే గదమ్మా,” అన్నారు. అవును సార్ అన్నాను. “తలుపుకు అడ్డం నిలబడమని ఎవరు రాసిన్రు మరి?” అన్నారు. అదీ నేనే.

ఆ రెండో ప్రశ్నే నన్ను నిజంగా పట్టుకుంది. తలుపు పక్కన కుర్చీ నాకు దారి ఉండడానికి. ఎదుటివాడికీ ఒక దారి కావాలని నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. దారి లేదనుకున్న మనిషే మీదికి వస్తాడు. ఆ మధ్యాహ్నం కూర్చుని ఎడమచేత్తోనే కొత్త కాగితం రాశాను. ‘దాడి’ కొట్టేసి, ఎవరు ఏం చేశారో వరసగా పెట్టాను. నేను చేసిన తప్పులు అతని ఒక్క తప్పుకన్నా పొడుగ్గా వచ్చాయి. అది చదివి డాక్టరుగారు మూడు నెలల మాట వెనక్కి తీసుకున్నారు. రూల్స్ కూడా మార్చాం. ఇప్పుడు వస్తువు తగ్గితే తలుపు తీసే ఉంటుంది, బయట మెట్ల దగ్గర ఒకరు నిలబడతారు. మొదట చూసేవి సిబ్బంది జేబులు. గదిలో బల్లలు కూడా జరిపించాను, ఎవరు లేచినా నన్ను దాటకుండా గుమ్మం చేరేలా. కొత్తవాళ్లకు చెప్పే క్లాసు ఈ కథతోనే మొదలుపెడతాను. వింటూ ఒకరిద్దరు నవ్వాపుకుంటారు. నవ్వనిస్తాను.

అతనికి రావాల్సిన డాక్టరు కాగితం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, చదివేవాళ్లను ఊరించడం నాకిష్టం లేదు. ఇంకో నాలుగుసార్లు పనిముట్లతో చేయించి చూసి, నెల తిరక్కుండానే డాక్టరుగారు సంతకం పెట్టారు. కాంట్రాక్టర్ అంతవరకు ఆగాడు. ఆ హాస్టల్లో ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు. నేను చెప్పాలనుకున్నది మాత్రం అది కాదు, ఆ మంగళవారం జరిగింది.

సోమవారం అతను సెంటరుకు రాలేదు, మంగళవారమూ రాలేదు. నేనూ సిస్టరూ వాళ్లింటికి బయల్దేరాం. ఇళ్లకు వెళ్లేటప్పుడు ఇద్దరం వెళ్లాలి, చేరగానే సెంటరుకు ఫోను చేయాలి. ఆ రూల్ మాత్రం మారలేదు. బస్తీలో గది ముందు రేకుల నీడలో అతను కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. మమ్మల్ని చూడగానే లేచి రెండు స్టూళ్లు వేసి, తాను మాత్రం దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతులు రెండూ వీపు వెనక పెట్టుకున్నాడు. నా కట్టు వైపు ఒకసారి చూసి తల దించేసుకున్నాడు. భార్య లోపలినుంచి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

నేను దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. కాగితం ఆగదు, పని పోదు, అదే మొదట చెబుదామనుకున్నాను. అది వింటే మొహం విప్పారుతుందని నా నమ్మకం. చెప్పాను. అతను తల ఊపాడు, అంతే. అప్పుడు కత్తెర సంగతి చెప్పాను. నా జేబులోనే ఉందని, ఎవరూ తీయలేదని, తలుపు మూసి నిలబడడం నా తప్పని, క్షమించమని.

అతను తల ఎత్తాడు. “మీ జేబుల్నే ఉండెనా?”

“అవునన్నా. నేనే పెట్టుకుని మర్శిపోయిన.”

“నిజంగనా మేడం? నా మనసు కుదుట పెట్టనీకి చెప్తలేరు గద?”

చూపించడానికి కత్తెర నా దగ్గర లేదు, రూల్ ప్రకారం అది సెంటరు దాటకూడదు. ఫోనులో నేను రాసిన కొత్త కాగితం ఫొటో ఉంది. అది చూపించాను. అతనికి చదువు రాదు. సిస్టర్ మొత్తం చదివి వినిపించింది. నా తప్పులన్నీ ఆ రేకుల కింద నలుగురూ వినేలా పైకి చదవడం వినడం అంత సుఖమైన పనేం కాదు. చదవడం అయ్యాక అతను గోడ వెంబడి జారి కింద కూర్చున్నాడు.

“నేనే తీసిన అనుకున్న మేడం,” అన్నాడు.

అతను తీశాడని మేమంతా అనుకున్నాం గాని, అతనూ అలాగే అనుకుని ఉంటాడని నాకు కలలో కూడా తోచలేదు. మెల్లగా భార్య చెప్పింది. శుక్రవారం సాయంత్రం నుంచి ఇల్లంతా వెతికాడట. బియ్యం డబ్బాలో, పరుపు కింద, పాప బట్టల్లో. దొరకకపోతే ఇంకా భయపడ్డాడు. నా చెయ్యి నాకు చెప్పకుండ పనులు చేస్తున్నది, మళ్ల మొదలైంది అన్నాడట. కత్తిపీటా, తన తాపీల సంచీ పక్కింటావిడకు ఇప్పించేశాడు. పాపను కూడా నాలుగు రోజులుగా ఆ ఇంట్లోనే పడుకోబెడుతున్నారు. పాప ఏడ్చినా దగ్గరికి పోలేదట.

నా చేతికి కట్టు కట్టించుకుని, దెబ్బ తగిలింది నాకేనని నాలుగు రోజులు అనుకున్నాను. నా జేబులో నేను మర్చిపోయిన వస్తువు ఒక తండ్రిని తన బిడ్డకు దూరం పెట్టింది. అక్కడే, అతని ముందే ఏడ్చాను. ఏడవకూడదని రూల్ ఏమీ రాసుకోలేదు.

“అయితే నా దిమాగ్ మంచిగనే ఉన్నట్టు గదా?” అని అడిగాడు.

“మంచిగనే ఉందన్నా. ఆ రోజు ఆ గదిల అందరికన్నా నీదే మంచిగుండె. తలుపు తియ్యమని నువ్వొక్కనివే అడిగినవ్.”

అతను చేతులు ముందుకు తెచ్చుకుని, తిప్పి తిప్పి చూసుకున్నాడు. లేచి పంపు దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాడు. కండువాతో తుడుచుకుంటూ పక్కింటి వైపు నడిచాడు. కత్తిపీట కూడా తేవాలా అని భార్య వెనకనుంచి అడిగింది. అడిగి నావైపు చూసింది. నేను అతనివైపు చూశాను. అది అతను చెప్పాల్సిన మాట.

“తర్వాత తెద్దువు తియ్,” అన్నాడు అతను. “ముందుగాల బిడ్డను తెచ్చుకోనియ్యి.”

పాప నిద్రలో ఉంది. రెండు చేతులతో ఎత్తుకుని, భుజం మీద వేసుకుని, మా మధ్యనుంచే నడిచి లోపలికి తీసుకెళ్లాడు.